వదిలేసిన బ్రాంచ్‌ను ఎవరు చూస్తారు?

ప్రోగ్రామ్‌లో ‘ఇఫ్’ అనగానే మనకు తోచేది రన్ సమయంలో జరిగే నిర్ణయం. యూజర్ పాస్‌వర్డ్ సరిగ్గా కొడితే ఒక దారి, తప్పుగా కొడితే ఇంకో దారి. రెండు దారులూ ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి, రెండింటినీ కంపైలర్ చదివి సరిచూసే ఉంటుంది. ఇంకో రకం ఇఫ్ ఉంది. ప్రోగ్రామ్ తయారవకముందే, కంపైలర్ సోర్స్ చదువుతుండగానే అది తీర్పు చెప్పేస్తుంది. విండోస్‌కు బిల్డ్ చేస్తే ఈ పది లైన్లు, లినక్స్‌కు చేస్తే ఆ పది లైన్లు. మనం టెస్ట్ చేసుకునే బిల్డ్‌లో లాగ్ పడాలి, కస్టమర్‌కు వెళ్లే బిల్డ్‌లో ఆ లాగ్ ఆనవాలు కూడా ఉండకూడదు. ఇలాంటి అవసరాలకు మాక్రోలూ, వాటి లోపలా చుట్టూ పెట్టే షరతులూ అరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి.

ఈ రెండో రకం ఇఫ్ గురించి పాఠ్యపుస్తకాలు చెప్పేది, దాన్ని ఎలా రాయాలన్నంతవరకే. మన ఇంజినీరింగ్ కాలేజీల మొదటి ఏడాది సి పాఠాల్లోనూ ఇఫ్‌డెఫ్, ఇఫ్‌ఎన్‌డెఫ్ వస్తాయి, వాటి వాక్యనిర్మాణం నేర్పి ముందుకు వెళ్లిపోతారు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా నమ్మకం. షరతు నెగ్గని బ్రాంచ్ ఏమవుతుంది? కంపైలర్ దాన్ని చదివి వదిలేస్తుందా, చదవకుండానే వదిలేస్తుందా? వ్యాకరణం వరకైనా చూస్తుందా? టైపులు కలుస్తున్నాయో లేదో చూస్తుందా? ఒక్కో భాష ఈ ప్రశ్నకు ఒక్కో జవాబు ఇచ్చింది. ఆ జవాబును బట్టే ఆ భాషలో రాసిన పెద్ద ప్రాజెక్టు పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో తేలుతుంది.

మాక్రోలో షరతు పెట్టాలన్న ఆలోచన సి భాష కంటే పాతది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ 1960లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో ఒక పేపర్ రాశాడు. మాక్రో విస్తరించేటప్పుడే షరతు చూసి వేర్వేరు కోడ్ పుట్టించవచ్చని, మాక్రోలోంచి ఇంకో మాక్రోను, చివరికి దాన్నే మళ్లీ కూడా, పిలవవచ్చని అందులో చూపించాడు. 1964లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360 అసెంబ్లర్‌లో ఇందుకోసం ఏఐఎఫ్, ఏజీఓ అనే ఆదేశాలున్నాయి. మొదటిది షరతు నిజమైతే ఫలానా గుర్తు దగ్గరికి దూకమంటుంది, రెండోది షరతేమీ లేకుండా దూకమంటుంది. ఇవి మెషీన్ మీద నడిచే ఇన్‌స్ట్రక్షన్లు కావు. అసెంబ్లర్ సోర్స్‌ను ఏ క్రమంలో చదవాలో దానికే చెప్పే ఆదేశాలు. అంటే అసెంబ్లీ భాష లోపల అసెంబ్లర్ కోసమే ఇంకో చిన్న భాష తయారైందన్నమాట. అసలు ప్రోగ్రామ్‌కు ఒక భాష, దాన్ని పుట్టించే నిర్ణయాలకు వేరే భాష అన్న ఈ చీలిక ఆ రోజుల్లో మొదలైంది. తర్వాత వచ్చిన తలనొప్పుల్లో చాలావాటికి మూలం అదే.

సి ప్రీప్రాసెసర్ 1972-73 ప్రాంతంలో వచ్చింది. దాని పుట్టుకను డెనిస్ రిచీ 1993లో రాసిన సి చరిత్రలో వివరించాడు. అలన్ స్నైడర్ పట్టుబట్టడం ఒక కారణం, బీసీపీఎల్, పీఎల్/1 భాషల్లో ఒక ఫైల్‌లోకి ఇంకో ఫైల్‌ను కలుపుకునే సౌకర్యం ఉండటం ఇంకో కారణం. మొదట్లో అందులో షరతులు లేవు. ఇంక్లూడ్, ఆర్గ్యుమెంట్లు లేని డిఫైన్, అంతవరకే. తర్వాత మైక్ లెస్క్, ఆయన తర్వాత జాన్ రైజర్ దాన్ని పెంచి ఆర్గ్యుమెంట్లున్న మాక్రోలనూ, షరతులతో కంపైల్ చేసే వీలునూ చేర్చారు. భాషలో అది తప్పనిసరి భాగమని మొదట ఎవరూ అనుకోలేదు. సోర్స్ మొదట్లో ప్రత్యేకమైన గుర్తు ఉంటేనే ప్రీప్రాసెసర్ నడిచేది. అనుబంధంగా పుట్టింది కనుక దాని వ్యాకరణం సి వ్యాకరణంతో ఎన్నడూ కలవలేదు. అయినా ఈ రోజు ప్రీప్రాసెసర్ లేని సి ప్రోగ్రామ్ దాదాపు కనిపించదు.

ప్రీప్రాసెసర్‌కు ఫంక్షన్ అంటే తెలియదు, టైప్ అంటే తెలియదు, బ్రాకెట్లు సరిపోయాయో లేదో తెలియదు. దానికి తెలిసింది టోకెన్ల వరుస ఒక్కటే. షరతు నెగ్గని భాగాన్ని టోకెన్లుగా విడగొట్టి, ఇఫ్‌కు జతగా ఎండిఫ్ ఎక్కడుందో వెతికి, మధ్యలో ఉన్నదంతా పారేస్తుంది. అందులో ఎప్పుడో తీసేసిన ఫంక్షన్‌ను పిలుస్తున్నా, సెమీకోలన్ మరిచిపోయినా ఎర్రర్ రాదు. ఆ బ్రాంచ్ ఎవరి బిల్డ్‌లో ఆన్ అవుతుందో వాళ్లకే, ఆ రోజే తెలుస్తుంది.

ఇంతకంటే ప్రమాదమైన నియమం ఇంకొకటి ఉంది. ప్రీప్రాసెసర్ షరతులో డిఫైన్ కాని పేరు కనిపిస్తే దాని విలువ సున్నా అనుకోవాలని సి ప్రమాణమే చెబుతుంది. బఫర్ హద్దులు సరిచూసే కోడ్‌ను ‘ఎనేబుల్_చెక్స్’ అనే ఫ్లాగ్ కింద పెట్టారనుకుందాం. ఒక ఫైల్‌లో ఎవరో పొరపాటున చివరి ‘స్’ వదిలేసి ‘ఎనేబుల్_చెక్’ అని రాశారు. కంపైలర్ కిమ్మనదు. ఆ పేరు లేదు, కాబట్టి సున్నా, కాబట్టి షరతు అబద్ధం, కాబట్టి హద్దులు చూసే కోడ్ ఆ ఫైల్‌లో లేదు. ప్రోగ్రామ్ చక్కగా కంపైలవుతుంది, మామూలు టెస్టులన్నీ పాసవుతాయి. రన్ సమయపు ఇఫ్‌లో ఇదే తప్పు రాస్తే కంపైలర్ ఆ క్షణమే అడ్డుపడేది. రెండు ఇఫ్‌ల మధ్య ఉన్న ఈ తేడాను సి నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే చెప్పాలి.

ఇఫ్‌డెఫ్‌ల మీద ఒక గట్టి విమర్శ 1992లో వచ్చింది. ఆ ఏడాది యూజ్‌నిక్స్ సమావేశంలో హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ తమ సి న్యూస్ సాఫ్ట్‌వేర్‌ను రకరకాల యూనిక్స్‌ల మీదికి తీసుకెళ్లిన అనుభవంతో, ఇఫ్‌డెఫ్ హానికరమంటూ పేపర్ చదివారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఒక మెషీన్‌కూ ఇంకో మెషీన్‌కూ ఉన్న తేడాలను కోడ్ నిండా చల్లకండి, ఒక ఇంటర్‌ఫేస్ గీసి తేడాలన్నీ దాని వెనక వేరే ఫైళ్లలో పెట్టండి. ముప్పై ఏళ్లు దాటినా ఆ సలహాకు పాతబడిన లక్షణం లేదు. 2002లో మైకేల్ ఎర్న్‌స్ట్, గ్రెగ్ బాడ్రోస్, డేవిడ్ నాట్కిన్ 26 సి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను, మొత్తం 14 లక్షల లైన్ల కోడ్‌ను, ప్రీప్రాసెసర్ వాడకం కోసమే పరిశీలించారు. జనం దాన్ని ఎంత విస్తారంగా, ఎంత విచిత్రంగా వాడుతున్నారో లెక్కలతో మొదటిసారి బయటపడింది ఆ అధ్యయనంతోనే.

షరతుల కలయికల లెక్క ఎక్కడ చేయి దాటిపోతుందో చూడాలంటే లినక్స్ కెర్నల్ చూడాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది ఫ్లాగులుంటే 1,024 రకాల ప్రోగ్రామ్‌లు సాధ్యం. ఇరవై అయితే 10,48,576. కెర్నల్‌లో ఇలాంటి ఆప్షన్లు పది వేలు దాటిపోయాయి. వాటిలో చాలావరకు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి, కాబట్టి అన్ని కలయికలూ సాధ్యం కావు. అయినా మిగిలినవాటిని పూర్తిగా పరీక్షించడం ఎవరివల్లా కాదు. జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు 2011 యూరోసిస్ సమావేశంలో దీన్నే లినక్స్ పది వేల ఫీచర్ల సమస్య అన్నారు. కెర్నల్ ఆప్షన్ల జాబితాలో ఉన్న నియమాలనూ, సోర్స్‌లోని ఇఫ్‌డెఫ్ షరతులనూ తర్కసూత్రాలుగా మార్చి పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ పొసగని చోట్లు 1,776 దొరికాయి. ఏ కాన్ఫిగరేషన్‌లోనూ ఎన్నటికీ ఆన్ కాని కోడ్, ఎన్నటికీ ఆఫ్ కాని కోడ్, వాటి మధ్య కొన్ని నిజమైన బగ్‌లు. అంత పేరున్న ప్రాజెక్టులో, అంతమంది నిపుణులు రోజూ చదివే కోడ్‌లో ఇవి ఏళ్ల తరబడి ఉండిపోయాయి. చదివే మనిషి కంటికి షరతు కనిపిస్తుంది గానీ, ఆ షరతు ఎప్పటికైనా నిజం కాగలదా అన్నది కనిపించదు.

షరతుల వల్ల జరిగిన మేలూ చెప్పుకోవాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, కొత్త వెర్షన్‌కు వెంటనే మారలేనివాళ్లకు ఇచ్చిన సలహా ఏమిటంటే, హార్ట్‌బీట్ ఫీచర్‌ను తీసేసే ఫ్లాగ్ పెట్టి మళ్లీ కంపైల్ చేసుకోండని. లోపం ఉన్న కోడ్ మొత్తం ఒక షరతు కింద ఉండబట్టే అది సాధ్యమైంది. అదే లైబ్రరీని చేతిలోకి తీసుకుని లిబ్రె ఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టిన ఓపెన్ బీఎస్‌డీ బృందం మొదట చేసిన పనుల్లో ఒకటి, వాడుక తగ్గిపోయిన పాత సిస్టమ్‌ల కోసం పేరుకున్న షరతు బ్రాంచ్‌లను తుడిచేయడం. రెండూ ఒకే ఏడాది, ఒకే కోడ్ మీద జరిగాయి.

ఇక మాక్రో లోపలి షరతు సంగతి. సిలో మాక్రో శరీరంలో ప్రీప్రాసెసర్ ఇఫ్ పెట్టలేం. డిఫైన్ ఒక డైరెక్టివ్, ఇఫ్ ఇంకో డైరెక్టివ్. ఒకదాని పొట్టలో ఇంకొకటి పట్టదు. అందుకని సి ప్రోగ్రామర్లు ఇఫ్ లేకుండా షరతు కట్టడం నేర్చుకున్నారు. రెండు టోకెన్లను అతికించి కొత్త పేరు పుట్టించడం, ఆ పేరుతో ముందే డిఫైన్ చేసి పెట్టుకున్న మాక్రో ఉంటే అది విస్తరించడం, ఇదే ఉపాయం. బూస్ట్ ప్రీప్రాసెసర్ లైబ్రరీ ఈ పునాది మీదే షరతులూ, లూపులూ, కూడికలూ కట్టింది. ఈ విద్యలో నాకు అన్నిటికంటే నచ్చిన నమూనా లినక్స్ కెర్నల్‌లోని ‘ఈజ్ ఎనేబుల్డ్’ మాక్రో. దాన్ని దగ్గరగా చూడటం అవసరం.

కెర్నల్‌లో ఒక ఆప్షన్ ఆన్ అయితే దాని పేరు 1గా డిఫైన్ అవుతుంది. ఆఫ్ అయితే ఆ పేరే ఎక్కడా ఉండదు. ఉందో లేదో తెలియని పేరును మాక్రో లోపల 1గానో 0గానో తేల్చాలి. అందుకు ముందుగా ఒక ప్లేస్‌హోల్డర్ మాక్రో పెట్టారు. దాని పేరు చివర 1 అనే అంకె ఉంటుంది. అది విస్తరిస్తే వచ్చేది ఒక సున్నా, దాని పక్కన ఒక కామా, అంతే. ఇప్పుడు మనం అడిగిన ఆప్షన్ విలువను తెచ్చి ఆ ప్లేస్‌హోల్డర్ పేరు మొదటి భాగానికి అతికిస్తారు. ఆప్షన్ ఆన్ అయితే అతికిన పేరు సరిగ్గా ఆ మాక్రో పేరే అవుతుంది, ‘సున్నా, కామా’గా విస్తరిస్తుంది. ఆఫ్ అయితే ఎవరూ డిఫైన్ చేయని ఏదో చెత్త పేరు పుట్టి అలాగే ఉండిపోతుంది. రెండిట్లో ఏది వచ్చినా దాని వెనక ‘1, 0’ అని రాసి, మొత్తాన్ని రెండో ఆర్గ్యుమెంట్‌ను మాత్రమే ఉంచుకునే మాక్రోకు ఇస్తారు. ఆన్ అయినప్పుడు ఆ మాక్రోకు అందేది 0, 1, 0. రెండోది 1. ఆఫ్ అయినప్పుడు అందేది చెత్త పేరు, దాన్ని అంటుకునే 1, తర్వాత కామా, 0. మొదటి కామా దాకా ఉన్నదంతా ఒకే ఆర్గ్యుమెంట్ కాబట్టి రెండోది 0. ఇఫ్ అన్న మాట ఎక్కడా లేదు. ఒక కామా అదనంగా వచ్చిందా రాలేదా అన్నదే ఇక్కడ షరతు.

దీని గొప్పతనం ఉపాయంలో కంటే వాడే తీరులో ఉంది. ఈ మాక్రో 1 లేదా 0 అనే మామూలు సంఖ్య ఇస్తుంది కాబట్టి దాన్ని సి భాషలోని మామూలు ఇఫ్‌లో పెట్టవచ్చు. అప్పుడు రెండు బ్రాంచ్‌లనూ కంపైలర్ చదువుతుంది, టైపులు సరిచూస్తుంది, ఫంక్షన్ పేర్లున్నాయో లేదో చూస్తుంది. షరతు 0 అని తెలిసిపోయింది కాబట్టి ఆప్టిమైజర్ ఆ తర్వాత ఆ బ్రాంచ్‌ను తీసేస్తుంది. చివరికి మెషీన్ కోడ్‌లో ఇఫ్‌డెఫ్ పెట్టినదానికీ దీనికీ తేడా ఉండదు. కెర్నల్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ వీలైన చోటల్లా ఇలాగే రాయమంటుంది. ఇఫ్‌డెఫ్‌లను సి ఫైళ్లలోంచి తీసి హెడర్‌లో పెట్టమని, ఫీచర్ ఆఫ్ అయినప్పుడు ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్ ఒకటి ఇమ్మని కూడా చెబుతుంది. పారేసే ముందు చదవడం అన్న సూత్రాన్ని, భాషలో ఆ వీలు లేకపోయినా క్రమశిక్షణతో సాధించారు. ఒక పరిమితి మిగిలింది. ఫీచర్ ఆఫ్ అయినప్పుడు స్ట్రక్చర్‌లోని ఒక ఫీల్డే మాయమైతే దాన్ని తాకే కోడ్ కంపైల్ కాదు, అక్కడ ఇఫ్‌డెఫ్ తప్పదు.

లిస్ప్ వాళ్లకు ఈ బాధలేవీ లేవు. ఎంఐటీలో టిమోతీ హార్ట్ 1963లో లిస్ప్‌లోకి మాక్రోలు తెచ్చినప్పుడే మాక్రో అంటే కోడ్‌ను తీసుకుని కోడ్‌ను తిరిగిచ్చే మామూలు ఫంక్షన్ అని స్థిరపడింది. ఫంక్షన్ కాబట్టి దాని లోపల లిస్ప్‌లోని ఇఫ్‌నే వాడుకోవచ్చు. ఐబీఎం అసెంబ్లర్‌లో కనిపించిన రెండు భాషల చీలిక ఇక్కడ మాయమైంది. అయితే దాని చోట ఇంకో గందరగోళం వచ్చింది. లిస్ప్ మార్గంలో నడిచిన జూలియా, ఎలిక్సిర్ లాంటి భాషల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ముందుగా తడబడేది ఇక్కడే. మాక్రోకు అందేది విలువ కాదు, రాత. ‘ఎక్స్’ అనే వేరియబుల్‌ను మాక్రోకు ఇస్తే దానికి కనిపించేది ఎక్స్ అన్న పేరే. ఎక్స్ సున్నా కంటే పెద్దదా అని మాక్రో అడగలేదు, ఎందుకంటే ఎక్స్‌కు ఇంకా విలువే పుట్టలేదు. మాక్రో అడగగలిగినవి వేరు. నాకిచ్చింది అంకెగా నేరుగా రాశారా, పేరుగా రాశారా? ఆర్గ్యుమెంట్లు రెండా మూడా? ఈ బిల్డ్ ఏ సిస్టమ్ కోసం? వీటికి జవాబు రాతలోనో, కంపైలర్ పరిసరాల్లోనో ఉంటుంది. కాబట్టి మాక్రో రాసే మనిషి ప్రతి ఇఫ్ దగ్గరా ఆగి, దీన్ని నేనిప్పుడు తేల్చాలా, లేక నేను పుట్టించే కోడ్‌లో ఇఫ్ పెట్టి రన్ సమయానికి వదిలేయాలా అని అడగాలి. మొదటిది, పుట్టించే కోడ్‌కు ముందు పెట్టే బ్యాక్‌కోట్ గుర్తుకు బయట ఉంటుంది, రెండోది లోపల ఉంటుంది. పేజీ మీద రెండూ ఒకేలా కనిపించడమే ఇబ్బంది.

ఈ ఇబ్బందికి సిద్ధాంత స్థాయిలో నాకు తెలిసిన మంచి జవాబు మాథ్యూ ఫ్లాట్ 2002లో ఐసీఎఫ్‌పీ సమావేశంలో ఇచ్చినది. తర్వాత రాకెట్ భాషకు ఆధారమైన ఆ పద్ధతిలో, కంపైల్ సమయంలో నడిచే కోడ్‌నూ రన్ సమయంలో నడిచే కోడ్‌నూ వేర్వేరు ఫేజ్‌లుగా విడదీసి, ఏ లైబ్రరీ ఏ ఫేజ్‌కు కావాలో స్పష్టంగా చెప్పించారు. ఎలిక్సిర్ ఇదే పాఠాన్ని వాడుకలో నేర్చుకుంది. అందులో మాడ్యూల్ శరీరం కంపైల్ సమయంలోనే నడుస్తుంది. అక్కడ కాన్ఫిగరేషన్ చదివి షరతు పెడితే జవాబు ఆ రోజే గడ్డకట్టిపోతుంది. తర్వాత సర్వర్ మీద సెట్టింగ్ మార్చినా ప్రోగ్రామ్‌కు పట్టదు. 2020 జనవరిలో వచ్చిన 1.10 వెర్షన్‌లో కంపైల్ సమయపు సెట్టింగ్ చదవడానికి వేరే ఫంక్షన్ పెట్టారు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు అప్పటి విలువా ఇప్పటి విలువా ఒకటేనా అని అది చూసి, కాకపోతే అక్కడే ఆపేస్తుంది. చిన్న మార్పే. అర్ధరాత్రి సర్వర్ దగ్గర, సెట్టింగ్ మార్చినా ప్రోగ్రామ్ ఎందుకు మారలేదో అర్థం కాక కూర్చునేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

స్కీమ్ వైపు ఇంకో శాఖ పెరిగింది. కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా 1986లో హైజీన్ ఉన్న, అంటే మాక్రోలోని పేర్లు దాన్ని వాడే చోటి పేర్లతో ఢీకొనని, మాక్రోల పద్ధతి చూపించారు. దాని తర్వాత వచ్చిన సింటాక్స్ రూల్స్‌లో మాక్రో రచయితకు ఇఫ్ అసలు ఉండదు. కొన్ని నమూనాలు రాసి, రాత దేనితో సరిపోతే దాని కింద ఉన్న కోడ్ తీసుకోమనడమే. షరతు మొత్తం ఆకారం మీదే ఉంటుంది. రస్ట్‌లోని మాక్రో రూల్స్ దీని వారసులే. అందులో ఒక మెలిక ఉంది. ఒక ఆర్గ్యుమెంట్‌ను ఎక్స్‌ప్రెషన్‌గా పట్టుకుని లోపలి మాక్రోకు పంపితే, ఆ రెండో మాక్రో దాని లోపల ఏముందో చూడలేదు, మూతపెట్టిన డబ్బాలా అందుతుంది. షరతు దాని రాత మీద పెట్టాలంటే మొదటి నుంచీ టోకెన్లుగానే మోసుకెళ్లాలి.

సీ ప్లస్ ప్లస్ కథ వేరు. అక్కడ కంపైల్ సమయపు లెక్కలు ఎవరూ అనుకోకుండా టెంప్లేట్లలో బయటపడ్డాయి. 1994లో ఎర్విన్ ఉన్‌రూ ప్రమాణాల కమిటీకి ఒక ప్రోగ్రామ్ చూపించాడు. అది కంపైల్ కాదు, కానీ కంపైలర్ ఇచ్చే ఎర్రర్ సందేశాల్లో ప్రధాన సంఖ్యలు వరుసగా కనిపిస్తాయి. తర్వాత ఏళ్ల తరబడి షరతులను టెంప్లేట్ స్పెషలైజేషన్‌తోనూ, ఎస్‌ఎఫ్‌ఐఎన్‌ఏఈ అనే నియమంతోనూ రాశారు. టెంప్లేట్‌లో టైపు పెట్టి చూసినప్పుడు పొసగకపోతే దాన్ని ఎర్రర్ అనుకోకుండా, ఆ అవకాశాన్ని మాత్రం పక్కన పెట్టమంటుంది ఆ నియమం. ఒక ఇఫ్ కోసం అంత శ్రమ పడాల్సి రావడం భాషలోని లోటే. వాల్టర్ బ్రైట్ తయారుచేసిన డి భాషలో అప్పటికే స్టాటిక్ ఇఫ్ ఉంది. 2012లో బ్రైట్, హెర్బ్ సటర్, ఆండ్రే అలెగ్జాండ్రెస్కు దాన్ని సీ ప్లస్ ప్లస్‌లోకి తెమ్మని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది బ్యార్న్ స్ట్రౌస్ట్రప్, గేబ్రియల్ డాస్ రెయిస్, ఆండ్రూ సటన్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తీసుకోని బ్రాంచ్‌ను సరిగ్గా చదవకుండా వదిలేస్తే కోడ్ నిర్మాణం దెబ్బతింటుందని, పనిముట్లకు ప్రోగ్రామ్ అర్థం కాకుండా పోతుందని వాళ్ల ఆందోళన. ఆ చర్చ తర్వాత 2017 ప్రమాణంలో వచ్చిన ఇఫ్ కాన్‌స్ట్‌ఎక్స్‌పీఆర్‌లో రెండు పక్షాల మాటా ఉంది. అది ఫంక్షన్ లోపలే ఉంటుంది, దాని బ్రాంచ్‌లకు సొంత స్కోప్ ఉంటుంది. టెంప్లేట్‌లో వదిలేసిన బ్రాంచ్‌ను కూడా కంపైలర్ చదివి వ్యాకరణం చూస్తుంది. టెంప్లేట్ టైపుల మీద ఆధారపడిన భాగాన్ని మాత్రం ఆ టైపుతో పెట్టి చూడదు. టెంప్లేట్‌కు బయట వాడితే రెండు బ్రాంచ్‌లూ పూర్తిగా సరిగ్గా ఉండాల్సిందే. ఈ విషయంలో వ్యతిరేకించినవాళ్ల పట్టుదల భాషకు మేలే చేసిందని నా అభిప్రాయం.

డి భాషలోనే ఇంకో నిర్ణయం ఉంది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. సిస్టమ్‌ను బట్టి కోడ్ ఎంచుకునే ‘వెర్షన్’ షరతులో ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అనే కలయికలను బ్రైట్ కావాలనే పెట్టలేదు. విండోస్ కాదు, లేదా లినక్స్ అయి 64 బిట్ అయితే అంటూ అల్లే షరతులు సిలో ఎక్కడికి దారితీశాయో చూసి తీసుకున్న నిర్ణయం అది. చాలామంది విసుక్కున్నారు. నేను ఆయన పక్షమే. అంత మెలికల షరతు అవసరమైందంటే ఆ తేడాకు ఒక పేరు పెట్టి వేరే మాడ్యూల్‌లోకి తీసుకెళ్లే సమయం వచ్చిందన్నమాట.

రస్ట్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి, ఎంచుకోవాల్సింది మనమే. సీఎఫ్‌జీ అట్రిబ్యూట్ పెడితే షరతు నెగ్గని ఫంక్షన్ మొత్తం మాయమవుతుంది. వ్యాకరణం చూస్తారు గానీ పేర్లు, టైపులు చూడరు. సీఎఫ్‌జీ మాక్రోను ఇఫ్‌లో పెడితే అది ట్రూ లేదా ఫాల్స్ అవుతుంది, రెండు బ్రాంచ్‌లూ టైప్ చెక్ అవుతాయి. కెర్నల్ వాళ్లు కామాలతో సాధించింది ఇక్కడ భాషే ఇస్తోంది. అయితే సిలో చూసిన తప్పు పేరు సమస్య రస్ట్‌లోనూ చాలాకాలం ఉంది. ఫీచర్ పేరులో ఒక అక్షరం తప్పితే ఆ కోడ్ చప్పుడు లేకుండా మాయమయ్యేది. 2024 జులైలో వచ్చిన 1.80 వెర్షన్ నుంచి, ప్రకటించని పేరు షరతులో కనిపిస్తే హెచ్చరిక వస్తుంది. 2015లో మొదటి స్థిర వెర్షన్ ఇచ్చిన భాషకు ఇంత సమయం పట్టింది. మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

మిగిలిన భాషలను త్వరగా చూద్దాం. గో మాక్రోలూ వద్దంది, ఫైల్ మధ్యలో షరతులూ వద్దంది. ఫైల్ పేరు చివర లినక్స్ అని ఉంటే అది లినక్స్‌కే, లేదంటే ఫైల్ మొదట్లో ఒక బిల్డ్ షరతు, అంతే. ఆ షరతు రాసే తీరును కూడా 2021లో 1.17 వెర్షన్‌తో మార్చి మామూలు తర్క చిహ్నాలతో చదవగలిగేలా చేశారు. స్పెన్సర్, కాలియర్ 1992లో కోరింది దాదాపు ఇదే. జావాలో ప్రీప్రాసెసర్ లేదు. ఫైనల్ కాన్‌స్టంట్‌ను ఇఫ్‌లో పెడితే కంపైలర్ ఆ బ్రాంచ్‌ను పూర్తిగా సరిచూసి, తర్వాత వదిలేస్తుంది. స్విఫ్ట్‌లో వదిలేసిన భాగం కూడా సాధారణంగా వ్యాకరణబద్ధంగా ఉండాలి. జిగ్ మాక్రోలను పూర్తిగా తీసేసి, మామూలు ఇఫ్‌నే కంపైల్ సమయంలో నడిపిస్తుంది. చదవడానికి అంత శుభ్రమైన పద్ధతి ఇంకొకటి లేదు. కానీ షరతు అబద్ధమని తేలిన బ్రాంచ్‌లో లేని పేర్లు వాడితే పట్టుకుంటుంది గానీ టైపులు సరిచూడదు. ఎవరూ పిలవని ఫంక్షన్ల విషయంలోనూ అంతే. అంటే రాతలో సి కంటే ఎంతో ముందున్నా, మన ప్రశ్న దగ్గర మాత్రం జావా కంటే వెనక ఉంది.

భాష సరిచూడని చోట పనిముట్లు ఆ పని చేయాలి. సిలో అన్ని కాన్ఫిగరేషన్లనూ ఒకేసారి పార్స్ చేసే టైప్‌షెఫ్ 2011లో, సూపర్‌సి 2012లో పరిశోధనశాలల నుంచి వచ్చాయి. ఇఫ్‌డెఫ్ దగ్గర పార్సర్ రెండుగా చీలి, ఎండిఫ్ దాటాక మళ్లీ కలుస్తుంది. ఆలోచన అద్భుతం, కానీ రోజువారీ వాడకంలోకి పెద్దగా రాలేదు. వాడుకలో నిలబడింది సాదాసీదా పద్ధతి. కెర్నల్‌లో అన్ని ఆప్షన్లూ ఆన్ చేసి ఒక బిల్డ్, అన్నీ ఆఫ్ చేసి ఒక బిల్డ్, చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచి మరికొన్ని బిల్డ్‌లు. ఈ మూడింటికీ కెర్నల్ మేక్‌ఫైల్‌లోనే ఆదేశాలున్నాయి. రస్ట్‌లో ఫీచర్ల కలయికలన్నీ వరసగా బిల్డ్ చేసి చూపే కార్గో హ్యాక్ అనే పనిముట్టు ఉంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా తీర్పు ఇది. రెండు బ్రాంచ్‌లూ కంపైల్ కాగలిగిన చోట, రెండింటినీ టైప్ చెక్ చేసి తర్వాత ఒకదాన్ని పారేసే పద్ధతే మొదటి ఎంపిక కావాలి. కెర్నల్‌లోని ఈజ్ ఎనేబుల్డ్, రస్ట్‌లోని సీఎఫ్‌జీ మాక్రో, జావా కాన్‌స్టంట్ ఆ కోవలోవి. ఒక సిస్టమ్‌లో ఉన్న ఫంక్షన్ ఇంకో సిస్టమ్‌లో లేనే లేదన్నప్పుడు, అప్పుడే కోడ్‌ను కత్తిరించాలి, అదీ ఫైల్ స్థాయిలో. ఫంక్షన్ మధ్యలో, ఒక బ్రాకెట్ ఇఫ్‌డెఫ్ లోపల తెరిచి ఇంకో ఇఫ్‌డెఫ్ లోపల మూసే అలవాటుకు ఏ సమర్థనా లేదు. షరతుల్లో వాడే ప్రతి పేరూ ఒకచోట ప్రకటించి ఉండాలి, ప్రకటించని పేరు కనిపిస్తే బిల్డ్ ఆగిపోవాలి.

సి, సీ ప్లస్ ప్లస్ రాసే మిత్రులకు ఒక విన్నపం. జీసీసీలోనూ క్లాంగ్‌లోనూ డిఫైన్ కాని పేరు షరతులో వస్తే హెచ్చరించే ‘డబ్ల్యూ అన్‌డెఫ్’ అనే ఆప్షన్ ఉంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. మీ ప్రాజెక్టులో ఈ రోజే ఆన్ చేసి, ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చి, ఒకసారి మొత్తం బిల్డ్ చేసి చూడండి.